ప్రాసెసర్ 400 దగ్గరే ఎందుకు ఆగింది?

ప్రశ్న: నేను సిద్దిపేట జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. 2018లో కొన్న ల్యాప్‌టాప్ నా దగ్గర ఉంది. ఇంటెల్ కోర్ ఐ5-8250యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. మూడేళ్లుగా విండోస్ బదులు ఉబుంటు లైనక్స్ వాడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు. రెండు నెలల నుంచి మాత్రం నత్తనడక నడుస్తోంది. ప్రశ్నపత్రం టైపు చేస్తుంటే కొట్టిన అక్షరం తెర మీదికి రావడానికి రెండు సెకన్లు పడుతోంది. ప్రాసెసర్ వేగం ఎప్పుడు చూసినా 400 మెగాహెర్ట్జ్ దగ్గరే కనిపిస్తోంది. ఉబుంటును రెండుసార్లు కొత్తగా వేసుకున్నాను, ప్రాసెసర్ వేగం ఎలా మారాలో చెప్పే ‘గవర్నర్’ అనే సెట్టింగును ‘పెర్ఫార్మెన్స్’కు మార్చాను, తేడా లేదు. ఉబుంటును మొదలుపెట్టే ‘గ్రబ్’ అనే ప్రోగ్రాములో ఒక మాట చేర్చి, ప్రాసెసర్ వేగాన్ని చూసుకునే ఇంటెల్ పీస్టేట్ డ్రైవరును ఆపేయమని సహోద్యోగి ఒకరు అంటున్నారు. బాగుచేసే దుకాణంలో మదర్‌బోర్డు పోయిందనీ, 16 వేలు అవుతుందనీ చెప్పారు. బ్యాటరీ కూడా 61 శాతం దాటి ఎక్కడం లేదు, బహుశా దాన్నీ మార్చాలేమో. పాత ఛార్జర్ తీగను ఎలుక కొరికేయడంతో సంక్రాంతి తర్వాత బస్టాండు దగ్గర కొత్తది కొన్నాను, అది బాగానే పనిచేస్తోంది. బోర్డు మార్పించమంటారా, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోమంటారా?

సమాధానం: రెండూ వద్దు. కనీసం ఈ వారం వద్దు. మీరు ఉత్తరం చివర్లో వేరే వేరే సంగతులుగా రాసిన రెండు విషయాలను, అంటే 61 దగ్గర ఆగిన బ్యాటరీని, సంక్రాంతి తర్వాత వచ్చిన ఛార్జర్‌ను, ఈ 400 అంకెతో కలిపి చదివితే మూడింటికీ మూలం ఒకటేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. మీ ప్రాసెసర్‌కు శక్తి తగ్గలేదు. నెమ్మదిగా నడవమని దానికి ఎవరో ఆజ్ఞ ఇస్తున్నారు, అది పాటిస్తోంది. ఆ ఆజ్ఞ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోకుండా ఉబుంటును పదిసార్లు కొత్తగా వేసుకున్నా ఫలితం ఉండదు. తేల్చుకోవడానికి డబ్బు ఖర్చేమీ లేదు, ఒక సాయంత్రం చాలు.

ముందుగా ఒక సూచన. కమాండ్ల పేర్లను, ఫైళ్ల పేర్లను ఇక్కడ పలికినట్టే తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు వాటిని టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. ఫైలు పేరులో రెండు మాటలున్నచోట నడుమ ఖాళీ బదులు కింది గీత వస్తుంది.

ఆ 400 ఎలా వచ్చిందో గణితం చెప్పే మీకు ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. ఈ తరం ఇంటెల్ ప్రాసెసర్లలో మూల గడియారం 100 మెగాహెర్ట్జ్. దాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తే వచ్చేదే ప్రాసెసర్ వేగం. మీ ఐ5-8250యూకు గరిష్ఠ గుణకం 34, అందుకే దాని టర్బో వేగం, అంటే అది అందుకోగల గరిష్ఠ వేగం, 3.4 గిగాహెర్ట్జ్. మామూలుగా హామీ ఇచ్చే మూల వేగం 1.6 గిగాహెర్ట్జ్, అంటే గుణకం 16. అన్నిటికన్నా కింది గుణకం 4. పనేమీ లేనప్పుడు ప్రాసెసర్ ఆ కిందిమెట్టుకు దిగి విశ్రాంతి తీసుకోవడం మంచి లక్షణమే కానీ జబ్బు కాదు. కాబట్టి ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్‌లో 400 కనిపించినంత మాత్రాన కంగారు పడకూడదు. పని మీద పడ్డప్పుడు కూడా అక్కడే కూర్చుందా అన్నదే ప్రశ్న. మీ టైపింగు కథను బట్టి కూర్చుందనే అనుకుంటున్నాను, అయినా కొలిచి చూద్దాం. ‘స్ట్రెస్-ఎన్‌జీ’ అనే చిన్న ప్యాకేజీ వేసుకుని, ఎనిమిది థ్రెడ్లకూ, అంటే ప్రాసెసర్ ఒకేసారి పని నడపగల ఎనిమిది దారులకూ, ఒక నిమిషం పని పెట్టి, మరో కిటికీలో ప్రాసెసర్ వేగాన్ని చూపే ‘టర్బోస్టాట్’ను సుడోతో, అంటే నిర్వాహకుడి హక్కులతో, నడపండి. అందులో ‘బిజీ మెగాహెర్ట్జ్’ అనే వరుస ఉంటుంది. ప్రాసెసర్ నిజంగా పని చేస్తున్న క్షణాలలో ఎంత వేగంతో చేసిందో అది చెబుతుంది కాబట్టి మిగతా అంకెలకన్నా దాన్నే నమ్మండి. పక్కనే ఉష్ణోగ్రత, వాట్లు కూడా ఉంటాయి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి.

ఏ అంకె దగ్గర ఆగిందో గమనిస్తే ఆపింది ఎవరో చాలావరకు తెలిసిపోతుంది. వేగం సరిగ్గా 1.6 దగ్గర గీత గీసినట్టు నిలిచిపోతే టర్బోను ఎవరో ఆపేశారన్నమాట. ‘సిస్’, ‘డివైసెస్’, ‘సిస్టమ్’, ‘సీపీయూ’ ఫోల్డర్ల లోపల ఉండే ‘ఇంటెల్ పీస్టేట్’ ఫోల్డరులో ‘నో టర్బో’ అనే ఫైలు ఉంటుంది, అందులో 1 ఉంటే సంగతి అదే. వేగం 3 గిగాహెర్ట్జ్‌తో మొదలై, ఉష్ణోగ్రత 95 డిగ్రీలు దాటేసరికి పడుతూ లేస్తూ ఉంటే అది వేడి. మీ ప్రాసెసర్ తనను తాను కాపాడుకునే హద్దు 100 డిగ్రీలు. ఉష్ణోగ్రత మామూలుగానే ఉండి, వేగం నడిమధ్యలో ఎక్కడో స్థిరపడి, వాట్లు మాత్రం ఒకే అంకెను పట్టుకుని వేలాడుతుంటే అది విద్యుత్ పరిమితి. ఐ5-8250యూ రూపకల్పనలో ఆ పరిమితి 15 వాట్లు. ఇవేవీ కాకుండా, ఉష్ణోగ్రత 45 దగ్గర చల్లగా ఉండి, వాట్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువగా ఉండి, ఎనిమిది థ్రెడ్లూ ఊపిరాడకుండా పని చేస్తున్నా వేగం 400 నుంచి కదలకపోతే, అంటే గుణకాన్ని 4 దగ్గర బిగించేస్తే, ఆ ఆజ్ఞ లైనక్స్‌లో ఎక్కడా పుట్టలేదని, ప్రాసెసర్ బయట నుంచి ఒక తీగ మీదుగా వచ్చిందని అనుమానించాలి.

అనుమానాన్ని అంతటితో వదలకుండా లైనక్స్‌ను కూడా ఒకసారి అడిగి తీసేద్దాం. ‘సిస్’ ఫోల్డరులో ‘డివైసెస్’, అందులో ‘సిస్టమ్’, అందులో ‘సీపీయూ’, అందులో ‘సీపీయూ0’, అందులో ‘సీపీయూఫ్రీక్’ అనే ఫోల్డరు ఉంటుంది. దానిలో ‘స్కేలింగ్ మాక్స్ ఫ్రీక్’ అనే ఫైలును ‘క్యాట్’తో చూడండి. అంకె కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది. 3400000 అని వస్తే లైనక్స్ మీ ప్రాసెసర్‌కు పూర్తి స్వేచ్ఛ ఇచ్చిందని అర్థం. అలా కాకుండా 400000 అని వస్తే మాత్రం నా అంచనా తప్పు. టీఎల్‌పీ వంటి బ్యాటరీ పొదుపు ప్రోగ్రామేదో పైకప్పును కిందికి దించేసింది, దాని సెట్టింగులు సరిచేస్తే పని అయిపోతుంది. టీఎల్‌పీ, పవర్ ప్రొఫైల్స్ డెమన్ రెండూ ఒకే యంత్రంలో ఉండి ఒకదాని మాటను ఇంకొకటి మార్చడం నేను చాలాసార్లు చూశాను, ఏదో ఒకదాన్నే ఉంచుకోవాలి. అయితే మీరు రెండుసార్లు ఉబుంటును కొత్తగా వేశారు, టీఎల్‌పీ దానితో రాదు; కాబట్టి మీకు 3400000 అనే వస్తుందనుకుంటున్నాను. పైకప్పు 3400000 కిలోహెర్ట్జ్, నడక 400 మెగాహెర్ట్జ్. లైనక్స్ ఆపలేదు అనడానికి ఈ రెండంకెల తేడాయే సాక్ష్యం.

గవర్నర్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే ఈ మాట దగ్గర చాలామంది తప్పుదారి పడతారు. పాత ‘ఏసీపీఐ-సీపీయూఫ్రీక్’ డ్రైవరు కింద ‘పవర్‌సేవ్’ అంటే నిజంగానే ప్రాసెసర్‌ను అన్నిటికన్నా కింది వేగానికి కట్టేయడం. 2013లో లైనక్స్ 3.9తో వచ్చిన ఇంటెల్ పీస్టేట్ డ్రైవరు మామూలు పద్ధతిలో నడిచేటప్పుడు మాత్రం అదే పేరుకు అర్థం వేరు: పని ఉంటే వేగం పెంచుతుంది, లేకపోతే తగ్గిస్తుంది. అందుకే మీ యంత్రంలో ‘పవర్‌సేవ్’ అని కనబడటం తప్పు కాదు, దాన్ని ‘పెర్ఫార్మెన్స్’కు మార్చినా వేగం పెరగకపోవడంలో వింతా లేదు. మీ సహోద్యోగి చెప్పినట్టు పీస్టేట్‌ను ఆపేస్తే జరిగేదల్లా పగ్గాలు ఆ పాత డ్రైవరు చేతికి వెళ్లడమే. బండి చక్రాలకు కింద ఎవరో రాయి అడ్డం పెట్టినప్పుడు పగ్గాలు ఎవరు పట్టుకుంటే ఏమిటి? ఆ మార్పు చేయకండి.

ఇక ఆ రాయి సంగతి. ఇంటెల్ ప్రాసెసర్లకు ‘ప్రాక్‌హాట్’ అనే ఒక సంకేతపు కాలు ఉంటుంది. ‘ప్రాసెసర్ వేడెక్కింది’ అనే మాటకు అది కురచ రూపం. ప్రాసెసర్ తాను వేడెక్కినప్పుడు ఆ తీగ ద్వారా బయటికి కబురు పెడుతుంది. అయితే ఆ తీగ రెండు వైపులా పనిచేస్తుంది, అందుకే దాన్ని ‘బై-డైరెక్షనల్ ప్రాక్‌హాట్’, క్లుప్తంగా ‘బీడీ ప్రాక్‌హాట్’ అంటారు. బోర్డు మీద ఉన్న ఇతర భాగాలు, అంటే ప్రాసెసర్‌కు కరెంటు అందించే వోల్టేజి రెగ్యులేటరు, ఛార్జింగు చూసే చిప్, కీబోర్డునూ ఫ్యానునూ నడిపే చిన్న కంట్రోలరు, వీటిలో ఎవరైనా అదే తీగను కిందికి లాగి ‘ఆగు, నేను తట్టుకోలేకపోతున్నాను’ అని చెప్పగలవు. ప్రాసెసర్ కారణం అడగదు. తన ఒళ్లు చల్లగా ఉందా వేడిగా ఉందా చూసుకోదు. వెంటనే కింది గుణకానికి దిగిపోతుంది, తీగను వదిలేవరకూ అక్కడే ఉంటుంది. లైనక్స్‌కు ఈ సంభాషణలో చోటే లేదు. విండోస్ వేసినా ఇదే 400 కనిపిస్తుంది.

మరి మీ ల్యాప్‌టాప్‌లో ఆ తీగను లాగుతున్నది ఎవరు? ఛార్జర్ అని నా నమ్మకం. చాలా ల్యాప్‌టాప్ ఛార్జర్ల గుండ్రని మొన మధ్యలో ఒక సన్నని సూది ఉంటుంది. కరెంటు వచ్చేది దాని గుండా కాదు. కొన్ని కంపెనీల ఛార్జర్లలో ఆ సూది వెనుక ఒక చిన్న చిప్ ఉండి, ‘నేను ఫలానా ఛార్జర్‌ను, 65 వాట్లు ఇవ్వగలను’ అని ల్యాప్‌టాప్‌కు చెప్పుకుంటుంది. ఆ పరిచయం అందకపోతే ల్యాప్‌టాప్ జాగ్రత్త పడుతుంది: ఈ ఛార్జర్ ఎంత బరువు మోయగలదో తెలియదు, కాబట్టి బ్యాటరీని ఎక్కించను, ప్రాసెసర్‌ను కూడా కింది వేగంలోనే ఉంచుతాను, అప్పుడు ఎంత బలహీనమైన ఛార్జరైనా కాలిపోదు అనుకుంటుంది. మీ 61 శాతానికీ 400కీ ఒకే మూలమని నేను అన్నది ఇందుకే. మార్కెట్లో దొరికే చౌక ఛార్జర్లు కొన్నింటిలో సూది ఉంటుంది కానీ వెనుక చిప్ ఉండదు, లేదా ఉన్నా ల్యాప్‌టాప్ గుర్తుపట్టే మాట మాట్లాడదు. ఛార్జింగు దీపం వెలుగుతుంది, ల్యాప్‌టాప్ నడుస్తుంది, అందుకే ‘బాగానే పనిచేస్తోంది’ అనిపిస్తుంది. టైప్-సీ ఛార్జర్లలోనూ ఇదే పరిచయం పవర్ డెలివరీ అనే ఒప్పందం ద్వారా జరుగుతుంది. ఫోను ఛార్జర్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి, అది నెమ్మదించిందని బాధపడేవారి కథ కూడా ఇదే.

పరీక్ష చాలా సులువు. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసేసి, ఆ 61 శాతం బ్యాటరీ మీదే ఆన్ చేసి, ఇందాకటి స్ట్రెస్-ఎన్‌జీ పరీక్ష మళ్లీ పెట్టండి. వేగం 2 గిగాహెర్ట్జ్ దాటి లేస్తే మీ ప్రాసెసరూ మదర్‌బోర్డూ క్షేమం, దోషి ఛార్జరో దాని దారో. రెండో పరీక్ష: బయోస్‌లోకి, అంటే ఉబుంటు మొదలవకముందే తెరవగలిగే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగులలోకి, వెళ్లి బ్యాటరీ వివరాల పేజీ చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లు పెట్టిన ఛార్జర్ ఎన్ని వాట్లదో అక్కడ చూపిస్తాయి; 65 అని ఉండవలసిన చోట ‘అన్‌నోన్’ అని ఉంటే ఇక వెతకనవసరం లేదు. ఇలాంటి ఛార్జర్‌తో ఆన్ చేస్తే కొన్ని యంత్రాలు మొదట్లోనే ఒక హెచ్చరిక తెరను కూడా చూపిస్తాయి. మీకు అది కనబడలేదంటే ఆ హెచ్చరికను బయోస్‌లో ఎప్పుడో ఎవరో ఆపేసి ఉండవచ్చు.

మూడో పరీక్షకు కళ్లు చాలు. ఛార్జర్ మొనను ఫోను టార్చి వెలుతురులో లోపలికంటా చూడండి. నాలుగేళ్ల క్రితం మా మేనల్లుడు సెలవులకు వస్తూ ఇలాంటి జబ్బుతోనే ఒక ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఛార్జర్ కంపెనీదే, పెట్టెలో వచ్చినదే, అందుకని దాన్ని అనుమానించలేదు. మూడు రోజులు లైనక్స్‌కు గుండెలాంటి కెర్నల్ వెర్షన్లు మార్చాం, బయోస్ కొత్తది వేశాం. నాలుగో రోజు పొద్దున కిటికీ దగ్గర ఎండలో ఆ మొనను తిప్పి చూస్తే, నడుమ నిటారుగా నిలబడాల్సిన సూది, తలుపు సందులో నలిగిన పుల్లలా ఒక పక్కకు ఒరిగి లోపలి గోడను తాకుతోంది. సంచిలో కుక్కినప్పుడు ఏ తాళంచెవో దాని మీద పడి ఉంటుంది. కుట్టు సూదితో, ఛార్జర్‌ను గోడ నుంచి తీసేసి, మెల్లగా దాన్ని నిలబెట్టి పెట్టగానే రెండు నిమిషాల్లో బ్యాటరీ ఎక్కడం మొదలైంది, వేగం లేచింది. ఆ రోజు నుంచి ఎవరు 400 అన్నా నేను మొదట అడిగేది మొన గురించే.

ఒకవేళ బ్యాటరీ మీద నడిపినా 400 వదలకపోతే, అప్పుడు ప్రాసెసర్‌నే నేరుగా అడగాలి. ‘ఎంఎస్ఆర్-టూల్స్’ అనే ప్యాకేజీ వేసుకుని, ‘సుడో మోడ్‌ప్రోబ్ ఎంఎస్ఆర్’ అని కొట్టి, ఆ తర్వాత ‘సుడో ఆర్‌డీఎంఎస్ఆర్ 0ఎక్స్1ఎఫ్‌సీ’ అని కొట్టండి. 1ఎఫ్‌సీ అనేది ప్రాసెసర్ లోపలి ఒక రిజిస్టరు, అంటే సెట్టింగులు దాచుకునే చిన్న గది, చిరునామా. జవాబుగా 2సీ005డీ లాంటి హెక్సాడెసిమల్ సంఖ్య ఒకటి వస్తుంది. మీ యంత్రంలో అంకెలు వేరుగా ఉండవచ్చు, మనకు కావలసింది చివరి అక్షరమే. హెక్సాడెసిమల్‌లో డీ అంటే 13, బేసి సంఖ్య. అంటే సున్నావ బిట్, ద్విసంఖ్యామానంలో చివరి అంకె, 1గా ఉంది. అంటే బయటివారు ఆ తీగను లాగితే వినడానికి ప్రాసెసర్ సిద్ధంగా ఉంది. ఇది తప్పు కాదు, కర్మాగారం నుంచి వచ్చినప్పటి మామూలు స్థితే. ఇప్పుడు ఆ సంఖ్యలోంచి ఒకటి తీసేసి, అంటే చివరి డీని సీగా మార్చి, ‘సుడో డబ్ల్యూఆర్ఎంఎస్ఆర్ -ఏ 0ఎక్స్1ఎఫ్‌సీ 0ఎక్స్2సీ005సీ’ అని రాయండి. మీకు వచ్చిన సంఖ్య వేరైతే దాన్నే, అది బేసి అయితేనే, ఒకటి తగ్గించి. చివరి అక్షరం తప్ప ఇంకేదీ మార్చవద్దు, ఇతర బిట్లకు వేరే పనులున్నాయి. అలా చేయగానే వేగం ఉన్నపళాన 400 నుంచి లేస్తే, బయట ఎవరో తీగను లాగుతున్నారని రుజువైనట్టే. లేవకపోతే తీగకు సంబంధం లేదు, వెతకాల్సింది మరో చోట. రాయనివ్వకుండా అనుమతి లేదని వస్తే సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగు ఆన్‌లో ఉందని అర్థం. అది ఉన్నప్పుడు ఇలాంటి రాతలను కెర్నల్ అడ్డుకుంటుంది. బయోస్‌లో దాన్ని పరీక్ష కోసం ఆపి, అయ్యాక మళ్లీ పెట్టుకోండి.

ఈ మాట మాత్రం నా నోటితో గట్టిగా చెప్పాలి. ఆ బిట్‌ను సున్నా చేయడం పరీక్ష, చికిత్స కాదు. యంత్రాన్ని ఆపి ఆన్ చేస్తే అది మళ్లీ 1 అవుతుంది. ప్రతిసారీ ఆన్ కాగానే దాన్ని సున్నా చేసేలా, తనంతట తానే నడిచే ఒక చిన్న ప్రోగ్రామును రాసి పెట్టుకుని ‘సమస్య తీరింది’ అనుకునేవారు చాలామంది ఉన్నారు. ప్రాసెసర్ సొంత వేడి రక్షణ ఎలాగూ ఉంటుంది, 100 డిగ్రీల దగ్గర అది తనను తాను తగ్గించుకుంటుంది, అది నిజమే. కానీ వోల్టేజి రెగ్యులేటరు వేడెక్కిందని చెప్పే దారి, ఛార్జర్ తట్టుకోలేకపోతోందని చెప్పే దారి మూసేసినట్టే. ఎన్ని వాట్లు మోయగలదో తెలియని ఒక చౌక ఛార్జర్ మీద పూర్తి బరువు వేసి, దాన్ని రాత్రంతా మంచం పక్కన గోడకు తగిలించి ఉంచడం నాకు ఇష్టం లేదు. మీ ఇంట్లో జరగడం అసలే ఇష్టం లేదు.

అందుకని ఖర్చు చేయవలసిన వరుస ఇది. మొదట ఛార్జర్. కొనేముందు మీ పాఠశాలలోనో ఊళ్లోనో అదే కంపెనీ ల్యాప్‌టాప్ ఉన్నవారి దగ్గర అసలు ఛార్జర్ ఒక పది నిమిషాలు అడిగి తీసుకుని పెట్టి చూడండి; మొన సరిపోవాలి, వోల్టేజి రెండింటి చీటీల మీదా ఒకటే ఉండాలి, వాట్లు మీ పాతదానితో సమానంగానో ఎక్కువగానో ఉండాలి. వాట్లు ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతేనే నష్టం. వేగం లేచి బ్యాటరీ 61 దాటిందంటే అలాంటిదే కొనుక్కోండి, బ్యాటరీని కూడా మార్చనవసరం లేదు. అసలు ఛార్జర్ పెట్టినా మార్పు లేకపోతే, బ్యాటరీ మీద మాత్రం వేగం వస్తుంటే, అప్పుడు ల్యాప్‌టాప్‌లోని ఛార్జింగు గుంతను అనుమానించండి. చాలా మోడళ్లలో ఆ గుంత బోర్డుకు అతికించి ఉండదు, ఒక పొట్టి తీగల కట్టతో వచ్చి బోర్డుకు తగిలించి ఉంటుంది. పరిచయం మోసే తీగ వాటిలో అన్నిటికన్నా సన్ననిది, ఛార్జర్‌ను పక్కకు లాగీ లాగీ అదే ముందు తెగుతుంది. ఆ కట్ట మార్చడానికి అయ్యే ఖర్చు బోర్డుతో పోలిస్తే చాలా తక్కువ. ఆ తర్వాత బ్యాటరీ: అది ఉబ్బిందా చూడండి, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే వెంటనే వాడకం ఆపి తీయించండి, ఇందులో ఆలస్యం పనికిరాదు. ఇవన్నీ దాటాక మాత్రమే బోర్డు. అప్పుడైనా, ‘బోర్డు పోయింది’ అన్న దుకాణంవారిని ఏ పరీక్ష చేసి ఆ మాట అన్నారో అడగండి. అసలు ఛార్జర్ పెట్టి చూశారా అన్న ఒక్క ప్రశ్నకు వాళ్లు చెప్పే జవాబుతోనే మీకు చాలా తెలుస్తుంది.

మధ్యలో ఇంకో చిన్న పని కూడా చేయవచ్చు. ల్యాప్‌టాప్‌ను ఆపి, ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. చిన్న కంట్రోలరు పాత స్థితిని మరిచిపోయి కొత్తగా మొదలవుతుంది. నిద్రలోంచి లేచాక మాత్రమే 400 దగ్గర చిక్కుకునే యంత్రాలకు ఇది తరచుగా పనిచేస్తుంది. మీది రెండు నెలలుగా నిరంతరం ఉంది కాబట్టి దీని మీద నేను పెద్దగా ఆశ పెట్టుకోను.

వేడి గురించి ఎక్కువ చెప్పను, మీ అంకెలు అటు చూపడం లేదు. ఒకవేళ పరీక్షలో ఉష్ణోగ్రత 95 దాటితే, ‘సీపీయూ0’ ఫోల్డరులోని ‘థర్మల్ థ్రాటిల్’లో ఉన్న లెక్కలు పెరుగుతున్నాయేమో చూసి, ఫ్యాను దుమ్ము దులిపించి, ఏడేళ్లు దాటిన థర్మల్ పేస్టును మార్పించండి. మన మే నెల ఎండల్లో ఇది ఎలాగూ చేయించుకోవలసిన పనే.

చివరగా మీ ప్రశ్నపత్రాలు. ఛార్జర్ దొరికేలోపు పని ఆగకూడదు కదా. పైన చెప్పిన బిట్‌ను సున్నా చేస్తే వేగం వస్తోందని తేలితే, ఈ కొద్ది రోజులకు ఒక మధ్యే మార్గం ఉంది: బిట్‌ను సున్నా చేసే ముందు పీస్టేట్ ఫోల్డరులోని ‘మాక్స్ పెర్ఫ్ పీసీటీ’ అనే ఫైలులో 50 అని రాయండి. అప్పుడు ప్రాసెసర్ తన గరిష్ఠంలో సగం, అంటే దాదాపు 1.7 గిగాహెర్ట్జ్ దాటదు, ఛార్జర్ మీద పడే బరువూ అంతమేరకు తగ్గుతుంది. టైపింగుకు, సమీకరణాలు వేసుకోవడానికి ఆ వేగం ధారాళంగా సరిపోతుంది. ఛార్జర్‌ను పరుపు మీద కాకుండా గచ్చు మీద ఉంచి, అరగంటకోసారి చేత్తో తాకి చూడండి. చెయ్యి ఆనలేనంత వేడిగా ఉంటే తీసేయండి. పని అయిన వెంటనే గోడ నుంచి తీసేయండి. అసలు ఛార్జర్‌తో పరీక్ష చేశాక బయోస్‌లో ఎన్ని వాట్లు చూపిందో, బ్యాటరీ 61 దాటిందో లేదో రాసి పంపండి. దాటకపోతే ఛార్జింగు గుంత విప్పడం గురించి, మీ మోడల్ పేరు చూసి, విడిగా రాస్తాను.